పాళెము వెలుపలి మాట

ధ్యాన భాగం: ద్వితీయోపదేశకాండము 23:12–14, లూకా 8:43–48

ఊళ్ళో ఉండి చదివేవారికీ, హైదరాబాదులో, గల్ఫ్‌లో, అమెరికాలో పనులు చేసుకుంటూ ఫోనులో చదివే మన బిడ్డలకూ కలిపే రాస్తున్నాను. ఈ వారం సంగతి భోజనానికి ముందు చదవకండి. భోజనం అయ్యాక మాత్రం తప్పకుండా చదవండి.

ఏడాదికొకసారి బైబిలు అంతా చదివే అలవాటు మన సంఘంలో చాలామందికి ఉంది. అయినా ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో నేను పైన చెప్పిన మూడు వచనాల దగ్గర ఆగినవారు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే. యుద్ధానికి బయలుదేరిన ఇశ్రాయేలీయులకు దేవుడు అక్కడ ఏం చెబుతున్నాడంటే, పాళెము బయట ఒక చోటు ఏర్పరచుకోండి, మీ సామానులో తవ్వుకోవడానికి ఒక పనిముట్టు ఉంచుకోండి, బహిర్భూమికి వెళ్ళినప్పుడు గుంట తవ్వి దాన్ని కప్పేయండి అని. ఎందుకంటే దేవుడు ఆ పాళెములో సంచరిస్తున్నాడు. నేను ఎన్నో ఉజ్జీవ కూడికలకు వెళ్ళాను, పెద్ద పెద్ద దైవజనుల ప్రసంగాలు విన్నాను. ఈ వచనాల మీద ఒక్క ప్రసంగం కూడా వినలేదు. సీనాయి మీద ఉరుములతో మాట్లాడిన దేవుడే ఈ సంగతి కూడా మాట్లాడాడు. మనం దొడ్డికి వెళ్ళే సంగతి ఆయన ధర్మశాస్త్రంలోనే ఉంది.

మన దగ్గర ఆదివారం ఆరాధనకు ముందు ప్రార్థనా మనవులు చీటీల మీద రాసి ఇస్తారు. ఆ చీటీలు చదివేది నేనే కాబట్టి చెబుతున్నాను. షుగరు రాస్తారు, బీపీ రాస్తారు, మోకాళ్ళ నొప్పులు, గుండె ఆపరేషను, కిడ్నీలో రాళ్ళు, పిల్లలు లేకపోవడం, భర్త తాగుడు కూడా రాస్తారు. మలంలో రక్తం పడుతోందని రాసిన చీటీ ఇంతవరకు నా చేతికి రాలేదు. 'కడుపు బాగుండటం లేదు' అని మాత్రం వస్తుంది. ఆ మాట వెనుక ఏముందో అడిగితే తల దించుకుంటారు.

ఈ వ్యాసం మన సంఘంలో డోలక్ వాయించిన సహోదరుడి గురించి. పేరు రాయను, ఊళ్ళో వాళ్ళకు తెలుసు. ఆయన భార్య, "రాయండి అయ్యగారూ, ఇంకొకరి ఇంట్లోనైనా పనికొస్తుంది" అని చెప్పాకే రాస్తున్నాను.

ఆయన గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలి. బస్తా ఎత్తితే ఇద్దరి బలం. 48 ఏళ్ళ వయసులో రక్తం పడటం మొదలైంది. మిరపకాయలు పండే ఊరు మనది. రక్తం పడితే మన నోటికి మొదట వచ్చే మాట ఏమిటి? "వేడి చేసింది." రాత్రి గోంగూరలో పచ్చిమిరపకాయ కొరుక్కు తిన్నాను, అందుకే అంటాం. మజ్జిగ తాగుతాం, సబ్జా గింజలు నానబెట్టుకుంటాం. ఆయనా అదే చేశాడు. తగ్గినట్టే ఉండి మళ్ళీ వచ్చింది. మెడికల్ షాపులో 'మొలలకు మందు' అని అడిగి గొట్టం మందు తెచ్చుకున్నాడు. తర్వాత 'ఆపరేషన్ లేకుండా మొలలకు వైద్యం' అని బోర్డు పెట్టుకున్నాయన దగ్గరికి వెళ్ళి పొడి తెచ్చుకున్నాడు. ఆయాసం వస్తోందంటే ఆర్‌ఎంపీ చూసి రక్తం తక్కువైందన్నాడు, బలం సూదులు వేశాడు, రెండు సెలైన్లు ఎక్కించాడు. రక్తం ఎందుకు తక్కువైందని ఎవరూ అడగలేదు. ఒకరోజు మలబద్ధకం, ఒకరోజు విరేచనాలు. వెళ్ళొచ్చినా ఇంకా వెళ్ళాలన్నట్టు ఉండేదట. బెల్టుకు కొత్తగా రెండు చిల్లులు పడ్డాయి. ఇదంతా పదకొండు నెలలు జరిగింది. భార్యకు తెలిసింది తొమ్మిదో నెలలో, అది కూడా బట్టలు ఉతుకుతుంటే.

పదకొండో నెలలో ఒక రాత్రి కడుపు ఉబ్బి, గాలి కూడా పోక, 108లో గుంటూరు తీసుకువెళ్ళాం. అక్కడి డాక్టరు చేతికి తొడుగు వేసుకుని వేలితో పరీక్ష చేశారు. ఒక్క నిమిషం. గడ్డ వేలికి తగిలింది. పదకొండు నెలల్లో ఆయన్ని చూసినవారు నలుగురు. ఆ నలుగురిలో ఎవరూ ఆ ఒక్క నిమిషం పని చేయలేదు. చేయమని అడగాలని ఈయనకూ తెలియదు. అప్పటికి జబ్బు కాలేయానికి చేరింది.

ఆపరేషను చేసి పేగును పొట్ట మీదికి తెచ్చి సంచి అమర్చారు. మలం అందులోకి వస్తుంది. ఆసుపత్రి నుండి వచ్చాక నాలుగు ఆదివారాలు ఆయన మందిరానికి రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగితే, "వాసన వస్తుందేమోనండీ, అందరి మధ్య ఎలా కూర్చోను?" అన్నాడు. అయిదో ఆదివారం వచ్చాడు. వెనుక తలుపు దగ్గర, కిటికీ పక్కన కూర్చున్నాడు. డోలక్ అక్కడికే తీసుకెళ్ళి ఇచ్చారు మన యౌవనస్థులు. పాట ముందు నుండి, డోలక్ వెనుక నుండి. మొదట్లో తాళం కాస్త తప్పేది, తర్వాత మనకే అలవాటైంది. రెండేళ్ళు గడవకముందే, 51వ ఏట ఆయన్ని ప్రభువు పిలుచుకున్నారు.

ఆ రెండేళ్ళలో ఆయనతోపాటు ఆసుపత్రికి చాలాసార్లు వెళ్ళాను. వరండాలో గంటల తరబడి కూర్చునేవాళ్ళం. అక్కడి డాక్టరమ్మ ఓపికగా చెప్పిన సంగతులు నాకు అర్థమైనంతవరకు మీకు చెబుతాను.

పెద్దపేగుకు వచ్చే క్యాన్సర్ ఒక్క రాత్రిలో రాదు. చాలావరకు అది పేగు లోపలి గోడ మీద చిన్న పిలకలా మొదలవుతుంది. మన మెడ మీద పులిపిరి వస్తుంది చూడండి, అలాంటిది. పాలిప్ అంటారు. పాలిప్‌లన్నీ క్యాన్సర్లు కావు. కొన్ని మాత్రం మెల్లగా పెరిగి, మారి, క్యాన్సర్ అవుతాయి. అందుకు సాధారణంగా పది సంవత్సరాలదాకా పడుతుంది. ఈ పదేళ్ళలో నొప్పి ఉండదు. ఆకలి తగ్గదు. రక్తం వచ్చినా కంటికి కనిపించనంత తక్కువగా రావచ్చు. ఆ దశలో ఎవరైనా లోపలికి చూస్తే, ఆ పిలకను అక్కడికక్కడే తీసేస్తారు. తీసేస్తే అది క్యాన్సర్‌గా మారే అవకాశమే ఉండదు. జబ్బు వచ్చాక కనిపెట్టే పరీక్షలు మనకు చాలా తెలుసు. ఇది జబ్బు రాకముందే దాని మొలకను పీకేసే పరీక్ష. మిరప చేలో కలుపు ఎప్పుడు తీయాలో మీకు నేను చెప్పక్కరలేదు. (గురుగుల ఉపమానం గుర్తొచ్చి కోతకాలం వరకు ఉంచుదామనకండి. ప్రభువు అది పొలం గురించి, లోకం గురించి చెప్పారు, పేగు గురించి కాదు.)

డాక్టరమ్మ చెప్పిన ఇంకో లెక్క నన్ను చాలా రోజులు వెంటాడింది. ఈ జబ్బును పేగు దాటకముందే పట్టుకుంటే పదిమందిలో సుమారు తొమ్మిది మంది అయిదేళ్ళ తర్వాత కూడా బ్రతికి ఉంటున్నారు. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాక పట్టుకుంటే ఆ పదిమందిలో ఒకరిద్దరు. ఇవి అమెరికా లెక్కలు. మన దేశంలో ఈ జబ్బు అక్కడికంటే తక్కువే, ఆ మాట కూడా ఆమె చెప్పింది. కానీ మన దగ్గరికి వచ్చేవాళ్ళు ఆలస్యంగా వస్తారు, అక్కడికంటే చిన్న వయసు వాళ్ళు కూడా వస్తారు అంది.

ఇక విశ్వాసులుగా మనలో ఉన్న అడ్డంకుల సంగతి. ఇది నా పని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను.

మొదటిది, పరీక్ష చేయించుకోవడం అవిశ్వాసం అనే మాట. దీనికి చూపించే వాక్యం 2 దినవృత్తాంతములు 16:12. రాజైన ఆసా పాదాలకు జబ్బు వచ్చినప్పుడు దేవుని వెదకక వైద్యుల దగ్గరికి వెళ్ళాడు. ఆ వచనంలో ఆసా మీద నేరం దేవుని వెదకలేదన్నది. వైద్యులు పాపులని అక్కడ లేదు. ఆయన వంశంలోనే హిజ్కియా ఉన్నాడు. అతను గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు ఆ కన్నీళ్ళు చూసి పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇచ్చాడు. ఇచ్చిన తర్వాత యెషయా ఏం చేయమన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమన్నాడు (2 రాజులు 20). దేవుడు మాట ఇచ్చేశాడు కదా, ఇక మందెందుకు అని ఎవరూ అనలేదు. పౌలు అంతటివాడు తిమోతి కడుపు జబ్బుకు ఏం వాడాలో ఉత్తరంలో రాశాడు. (అందులో ద్రాక్షారసం అనే మాట పట్టుకుని నా దగ్గరికి వచ్చే సహోదరులకు ఒక్క సంగతి: మద్యం ఈ పెద్దపేగు క్యాన్సర్‌ను తెచ్చే కారణాల్లో ఒకటి. పొగాకు కూడా. మిగతాది ఇంకో ఆదివారం.) పౌలు వెంట తిరిగిన లూకాయే వైద్యుడు.

మన ప్రాంతానికి సువార్త వచ్చిన దారి కూడా గుర్తుచేసుకోండి. 1883లో అమెరికా నుండి గుంటూరుకు వచ్చిన అన్నా కుగ్లర్ అమ్మగారు వైద్యురాలు. 1898లో ఆమె ఆధ్వర్యంలో ఆసుపత్రి తెరిచారు, అది ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది. ఆమె 1930లో చనిపోయేవరకు, నలభై ఏడేళ్ళు మన వాళ్ళ మధ్యే పనిచేశారు. మగ వైద్యులకు చూపించుకోలేక ఇళ్ళల్లోనే చనిపోతున్న స్త్రీల కోసం వచ్చిన మనిషి ఆమె. ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో స్టెతస్కోపు ఉన్నవాళ్ళ ద్వారా రక్షణ పొందిన జనం మనం. మన మనవళ్ళకు ఆసుపత్రి అవిశ్వాసమని ఎవరు నేర్పారో నాకు అర్థం కాదు.

రెండో అడ్డంకి ఇంకా బాధాకరం. డోలక్ వాయించిన సహోదరుడు మంచాన ఉన్నప్పుడు, బయటి సంఘం నుండి వచ్చిన ఒకాయన ఆయన భార్యతో యెహోరాము రాజు సంగతి చెప్పి వెళ్ళాడు. దేవునికి విరోధంగా నడిచినందుకు పేగుల జబ్బుతో పోయిన రాజు అతను. ఆ రాత్రి ఆ తల్లి నిద్రపోలేదు. యెహోరాము తన తమ్ముళ్ళను చంపించినవాడు. మన సహోదరుడు తమ్ముణ్ణీ చెల్లెల్నీ బస్తాలు మోసి పెంచి పెళ్ళిళ్ళు చేసినవాడు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఏమన్నారో యోహాను 9 చదువుకోండి. రోగి ఇంటికి వెళ్ళేటప్పుడు పండ్లు తీసుకెళ్ళండి, లేకపోతే ఊరికే వెళ్ళి కూర్చోండి. యెహోరామును తీసుకెళ్ళకండి.

మూడోది సిగ్గు. నిజానికి మొదటి రెండింటికంటే ఇదే ఎక్కువమందిని ఆపుతుంది. అందుకే లూకా 8లో రక్తస్రావం గల స్త్రీని చూడమంటున్నాను. పన్నెండు సంవత్సరాల జబ్బు. మార్కు అయితే ఆమె వైద్యుల దగ్గర ఆస్తంతా ఖర్చుపెట్టుకుని ఇంకా క్షీణించిందని రాశాడు. లూకా మాత్రం ఎవరివల్లా నయం కాలేదని ఊరుకున్నాడు. తోటి వైద్యుల గురించి అంతకంటే రాయడానికి మనసు రాలేదేమో! ఆమె వెనుకగా వచ్చి, గుంపులో ఎవరికీ తెలియకుండా వస్త్రపు అంచు ముట్టింది. అక్కడే స్వస్థత వచ్చేసింది. ప్రభువు ఆగకుండా ముందుకు వెళ్ళిపోవచ్చు. యాయీరు కూతురు చావుబ్రతుకుల్లో ఉంది, తొందర కూడా ఉంది. అయినా ఆగారు, ఎవరు ముట్టారని అడిగారు. ఆమె వణుకుతూ వచ్చి ప్రజలందరి ఎదుట తన సంగతి చెప్పింది. స్త్రీకి ఉండే ఆ జబ్బును నడివీధిలో, అంతమంది మగవాళ్ళ మధ్య చెప్పింది. ప్రభువు ఆమెను కుమారీ అని పిలిచారు. ఆమెను అవమానించడానికి చెప్పించారని నేను అనుకోను. పన్నెండేళ్ళుగా అపవిత్రురాలని దూరం పెట్టిన ఊరికి, ఈమె బాగుపడిందని తెలియాలి కదా.

సహోదరుడి అంత్యక్రియలు అయ్యాక డాక్టరమ్మ నాకు ఫోను చేసి ఒక మాట చెప్పింది. ఈ జబ్బు వచ్చినవారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, బిడ్డలు, తల్లిదండ్రులు మిగతావారికంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. వాళ్ళు 40 ఏళ్ళకు గానీ, ఇంట్లో జబ్బు వచ్చినవారికి ఏ వయసులో బయటపడిందో దానికి పదేళ్ళ ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఈయనకు 49లో బయటపడింది. అంటే ఇద్దరు కొడుకులూ 39 వచ్చేసరికి చేయించుకోవాలి. ఇప్పుడు వాళ్ళకు ఇరవైల్లోనే ఉన్నాయి, సమయం ఉంది. కానీ ఆయన చెల్లెలికి 44, తమ్ముడికి 46. వాళ్ళకు ఇప్పుడే.

చెల్లెలు వెళ్ళింది. మా ఇంట్లో అమ్మగారు ఆమెకు తోడు వెళ్ళారు. ఆ రెండు రోజుల సంగతి ఆమె చెప్పినట్టే చెబుతాను. ముందురోజు పలుచటి ఆహారం మాత్రమే. తర్వాత ఒక పొడి నీళ్ళలో కలిపి గ్లాసు తర్వాత గ్లాసు తాగమన్నారు. ఉప్పగా, నిమ్మకాయ వాసనతో ఉందట. "అయ్యగారూ, పరీక్ష ఏమీ లేదు, ఆ నీళ్ళు తాగడమే పరీక్ష" అంది. రాత్రంతా బాత్రూముకు తిరగడమే. పేగు కడిగినట్టు శుభ్రమైతేనే లోపల కనిపిస్తుంది. మర్నాడు నరానికి మత్తు సూది వేశారు. సన్నటి గొట్టం చివర కెమెరా ఉంటుంది, దాన్ని వెనుకనుండి పంపి పెద్దపేగంతా చూస్తారు. ఆమెకు ఏమీ తెలియలేదు. లేచేసరికి అరగంట అయింది. పాలిప్‌లు రెండు ఉన్నాయి, రెండూ తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదు. ఒకటి మాత్రం వదిలేస్తే అటువైపు వెళ్ళే రకం. మళ్ళీ ఎప్పుడు రావాలో కాగితం మీద రాసిచ్చారు. సాయంత్రానికి ఇంటికి వచ్చి ఇడ్లీ తింది. పాలిప్ తీసిన చోట రక్తం రావడం, పేగుకు చిల్లుపడటం వంటివి చాలా అరుదుగా జరగవచ్చని కూడా ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు. మీకూ చెబుతారు, అప్పుడు భయపడకండి.

ఆ తర్వాతి ఆదివారం ఆమె సాక్ష్యం చెప్పడానికి లేచింది. "కడుపుకు చిన్న పరీక్ష" అని మొదలుపెట్టి, ఆగి, తన అన్న కూర్చున్న కిటికీవైపు ఒకసారి చూసి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. మలం అంది, రక్తం అంది, వెనుకనుండి గొట్టం అంది. మగవాళ్ళంతా చాపలవైపు చూస్తున్నారు. ఇద్దరు ఆడపిల్లలు నవ్వు ఆపుకోలేక కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆరాధన అయ్యాక, ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే ఒక ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. "నాకూ పడుద్దమ్మాయ్, రెండేళ్ళ నుంచి" అంది. కోడలికి కూడా చెప్పలేదట. ఆమెకు పరీక్ష చేయిస్తే నిజంగా మొలలే అని తేలింది. రక్తం పడేవారిలో చాలామందికి అది మొలలవల్లో, చీలికవల్లో అయి ఉంటుంది. ఆ సంగతి చూసి చెప్పేది డాక్టరు, మెడికల్ షాపు కాదు. ఆ ముసలమ్మ ఇప్పుడు హాయిగా నిద్రపోతోంది.

తమ్ముడు మాత్రం వెళ్ళలేదు. "అన్నయ్యకు విశ్వాసం చాలలేదండీ, నా దేవుడు నన్ను చూసుకుంటాడు" అంటాడు. అన్న మీద ప్రేమ లేక కాదు, ఆ మాట అనేటప్పుడు అతని కళ్ళు చూస్తే తెలుస్తుంది, భయం. ఈ వ్యాసంలో నీ సంగతి రాయనా అని అడిగాను. "రాసుకోండి అయ్యగారూ, నేను మాత్రం రాను" అన్నాడు. రాశాను.

ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేనివాళ్ళ సంగతేమిటని మీరు అడుగుతారు. అమెరికాలో అంతకుముందు 50 ఏళ్ళకు మొదలుపెట్టమనేవారు. చిన్న వయసువారికి కూడా జబ్బు పెరుగుతోందని 2021లో దాన్ని 45కు దించారు. ఇంగ్లండులో 50 నుండి 74 ఏళ్ళవారికి రెండేళ్ళకొకసారి మలం పరీక్ష సామాను పోస్టులో ఇంటికే వస్తుంది. చిన్న పుల్లతో కాస్త తీసి, సీసాలో పెట్టి తిరిగి పంపితే చాలు. ఫిట్ పరీక్ష అంటారు, కంటికి కనపడని రక్తాన్ని పట్టుకుంటుంది. అక్కడున్న మన బిడ్డలారా, ఆ కవరు అలమరాలో పడి ఉంటే ఈ రోజే తీయండి. మీకు దొరికిన ఆ సౌకర్యం ఇక్కడ మీ తల్లిదండ్రులకు లేదు. మన దగ్గర ఆశా అక్కలూ, ఏఎన్ఎమ్‌లూ ఇంటికి వచ్చి అడిగే క్యాన్సర్లు మూడు: నోటిది, రొమ్ముది, గర్భసంచి ముఖద్వారానిది. ముప్పై దాటినవాళ్ళు అవి తప్పక చేయించుకోండి. పేగు ఆ జాబితాలో లేదు. కాబట్టి దాని సంగతి మనమే అడగాలి. 45 దాటినవారు ఈసారి షుగరుకో బీపీకో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ ఒక్క ప్రశ్న కలిపి అడగండి. మలం పరీక్షకు కొన్ని వందలతో పోతుంది, కొలనోస్కోపీ వేలల్లో ఉంటుంది. మలం పరీక్షలో రక్తం ఉందని వస్తే మాత్రం తర్వాత కొలనోస్కోపీ తప్పదు, అక్కడితో ఆగిపోతే మొదటిది చేయించుకున్నా ఉపయోగం లేదు. లేదని వస్తే జీవితకాలానికి హామీ అనుకోకండి, డాక్టరు చెప్పిన గడువుకు మళ్ళీ చేయించుకోవాలి.

రక్తం కంటికి కనిపిస్తున్నవారు, కొన్ని వారాలుగా విసర్జన తీరు మారినవారు, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారు వయసు చూడకండి, మలం పరీక్ష దగ్గర ఆగకండి, నేరుగా డాక్టరుకు చూపించుకోండి. మగవాళ్ళకు గానీ, ముట్లు ఆగిన స్త్రీలకు గానీ రక్తం తక్కువైందని ఎవరైనా ఐరన్ మాత్రలు రాసిస్తే, "ఎందుకు తక్కువైందండీ?" అని అడగండి. ఆ ప్రశ్న అడగడానికి చదువు అక్కరలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత, గుంటూరులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న మన సంఘపు ఆడబిడ్డ సెలవు పెట్టుకుని వస్తోంది. స్త్రీలు మా ఇంట్లో అమ్మగారి దగ్గర కూర్చుంటారు, పురుషులు మందిరంలో. ప్రార్థనా చీటీల డబ్బా పక్కన ఇంకో డబ్బా పెడుతున్నాం. పేరు రాయనక్కరలేదు, ప్రశ్న రాస్తే చాలు. అందరూ చింపిన ఒకే నోటుబుక్కు కాగితాల మీద రాస్తారు కాబట్టి ఎవరిదో తెలియదు. చేతిరాత నాకు తెలుసుననుకుంటారేమో, ఆ డబ్బా నేను తెరవను.

మంగళవారం ఉదయం ఆరు గంటలకు గుంటూరు వెళ్ళడానికి ఆటో మాట్లాడాం. ఇప్పటికి నలుగురు పేర్లిచ్చారు. అందులో డోలక్ సహోదరుడి భార్య కూడా ఉంది, ఆమెకు 47. అయిదో సీటు ఖాళీగా ఉంచమని డ్రైవరుకు చెప్పాను. అది ఎవరి కోసమో తమ్ముడికి తెలుసు. ఆటో వాళ్ళ ఇంటి ముందు నుంచే వెళ్తుంది, అక్కడ రెండు నిమిషాలు ఆగుతుంది.

ప్రభువునందు మీ సహోదరుడు,
మీ సంఘ కాపరి